చేతులెత్తినవాడు

ఆ వేసవిలో మా వీధి వీధంతా తలుపులకు కొత్త గడియలు బిగించుకుంది. మిట్టమధ్యాహ్నం జనం కునుకు తీసే వేళ చూసుకుని కొందరు ఇళ్ళలోకి దూరి దోచుకుపోతున్నారని ఊరంతా గుప్పుమంది. ఒకచోట కుళాయి బాగుచేసేవాళ్ళమని చెప్పారట. ఇంకోచోట ఏకంగా పోలీసులమనే చెప్పారట. మా వెనక వీధిలో ఒంటరిగా ఉండే టీచరుగారి చెయ్యి విరగ్గొట్టి మరీ వెళ్ళారు. ఆవిడ దుప్పట్లు మా దగ్గరే ఉతికించుకునేది. కట్టుతో ఉన్న చేతిని గుండెకు ఆనించుకుని కౌంటరు దగ్గర నిలబడి, "నేను అరవను కూడా అరవలేదమ్మా, గొంతు పెగల్లేదు" అని నాతో చెప్పినప్పుడు, లోపలి నుంచి నాన్న ఆ మాట విన్నాడు. అంటే, ఆవిడ గట్టిగానే చెప్పి ఉండాలి.

మాది లాండ్రీ. వీధి వైపు కౌంటరు, దాని వెనక పొడుగాటి పనిగది, ఆ గదికి చివర సందులోకి తెరుచుకునే తలుపు. కాపురం మేడమీద. ఆసుపత్రి దుప్పట్లు, హోటలు తువ్వాళ్ళు బస్తాలకొద్దీ వచ్చేవి. నీళ్ళు పిండే యంత్రం పక్కన నిలబడి నిలబడి నాన్నకు చెవులు మందగించాయి. ఆయనకు వినపడాలని మేమంతా అరిచి మాట్లాడేవాళ్ళం. ఆయన వినపడని మనిషి కాబట్టి ఇంకా గట్టిగా అరిచేవాడు. అందుకే మా ఇంట్లో గుట్టు అంటూ ఏదీ దాగేది కాదు. ఇవాళ మేం ఏం వండుకున్నామో, ఎవరు ఎవరి మీద అలిగారో ఎదురింటివాళ్ళకు మాకంటే ముందే తెలిసేది.

అన్నయ్య మాత్రం ఆ అరుపుల ఇంట్లో ఎలా పుట్టాడో కానీ, గొంతు పెంచని మనిషి. నాన్న అతన్ని 'నిదానం' అని పిలిచేవాడు. "ఒరేయ్ నిదానం, నువ్వు ఆ బాన దగ్గరికి నడిచొచ్చేలోపు నీళ్ళు చల్లారిపోతాయిరా!" అనేవాడు. అన్నయ్య నవ్వి, అదే నడక నడిచేవాడు. అన్నయ్యకు పెళ్ళై వదిన వచ్చాక నాన్నకు ఒక తోడు దొరికినట్టయింది. ఆమెకు పుట్టుకతోనే ఖంగుమనే గొంతు. మామా కోడలూ బట్టలు మడతపెడుతూ మాట్లాడుకుంటుంటే రోడ్డు మీద పోయేవాళ్ళు కొట్లాట అనుకుని ఆగేవారు.

టీచరుగారి ఇంట్లో దోపిడీ జరిగిన తర్వాత బడి వరండాలో మా చుట్టుపక్కల వీధులవాళ్ళకు సమావేశం పెట్టారు. ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మంచివాడిలాగే ఉన్నాడు, చెమట తుడుచుకుంటూ ఓపిగ్గా మాట్లాడాడు.

"ప్రతి గుమ్మం ముందూ మేం కాపలా కూర్చోలేం. మీ జాగ్రత్త మీరు చూసుకోవాలి. పోలీసులమని చెప్పినా సరే, కార్డు చూపించమనండి. ఎవడైనా తలుపు విరగ్గొట్టి లోపలికొస్తే మాత్రం చేతులు ముడుచుకుని కూర్చోకండి."

"ఏమన్నాడే?" అని నాన్న నా వైపు వంగాడు.

నేను ఆయన చెవిలో అరిచాను. "చేతులు ముడుచుకు కూర్చోవద్దంటున్నారు నాన్నా!"

వరండా అంతా నవ్వింది. ఇన్‌స్పెక్టరు కూడా నవ్వాడు. నాన్న లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

మర్నాడే సందు తలుపుకు బరువైన ఇనుప గడియ బిగించాడు. ఆ తలుపు తీసి ఉంటేనే బాన మీది ఆవిరి బయటికి పోయేది. మూశాక పనిగది కొలిమి అయిపోయింది. వదినా నేనూ కొంగులతో విసురుకుంటూ, "దొంగలొచ్చేలోపు మేమే ఉడికిపోతాం" అని గోల పెడితే, "ఉడికినా పరవాలేదు, ఎవడూ ఎత్తుకుపోడు" అనేవాడు.

ఆ రోజు మధ్యాహ్నం కౌంటరు షట్టరు దించి మేమందరం పనిగదిలోనే ఉన్నాం. అమ్మ మేడమీద ఉంది. నాన్న బాన దగ్గర నిలబడి పొడుగాటి కర్రతో మరిగే నీళ్ళలో దుప్పట్లు తిప్పుతున్నాడు. అన్నయ్య ఆ పక్కన పొయ్యి మంట సరిచేస్తున్నాడు. నేను పిండే యంత్రం దగ్గర. వదిన సందు తలుపు పక్కనున్న బల్ల మీద తువ్వాళ్ళు దొంతి పెడుతోంది. యంత్రం పూర్తి వేగం అందుకుని గదంతా దడదడలాడుతోంది.

తలుపు ఊడి లోపలికి పడటం నేను చూశాను. చప్పుడు వినలేదు. ఆ యంత్రం మోతలో అది వినిపించే చప్పుడు కాదు. గడియ చెక్కతో సహా ఊడి నేల మీద జారుతూ వచ్చింది. మామూలు చొక్కాలు వేసుకున్న ఇద్దరు మనుషులు. ముందున్నవాడు వదిన మెడ పట్టి గోడకేసి అదిమాడు. ఆమె నోరు తెరిచి ఉంది. రెండోవాడి చేతిలో తుపాకి ఉంది.

నాన్న తల తిప్పాడు. కోడలి మెడ మీద ఎవడిదో చెయ్యి కనిపించి ఉంటుంది. బానలోంచి కర్ర లాగి, ఆ వయసులో ఎలా కదిలాడో, రెండంగల్లో అక్కడ ఉన్నాడు. మొదటి దెబ్బ వదినను పట్టుకున్నవాడి చేతి మీద పడింది. అతను మోకాళ్ళ మీద కూలబడ్డాడు. అప్పుడు నేను అన్నయ్య వైపు చూశాను. ఎందుకు చూశానో చెప్పలేను. అన్నయ్య రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉన్నాడు. ఏదో అరుస్తున్నాడు. పెదవులు కదులుతున్నాయి. జీవితంలో అతను అంతలా నోరు తెరవడం నేనెప్పుడూ చూడలేదు.

నాన్న కర్ర మళ్ళీ పైకి లేచింది. రెండోవాడు కాల్చాడు.

నాన్న ఉతికి ఆరబెట్టి తెచ్చిన దుప్పట్ల గుట్ట మీద పడ్డాడు. పడ్డాక, తన ఒంటి కిందున్న దుప్పట్లను చేత్తో పక్కకు తొయ్యబోయాడు. అవి శుభ్రమైనవి, మాయకూడదని. ఇది నా ఊహ కావచ్చు. కానీ నలభై ఏళ్ళు ఆ పని చేసిన మనిషి చెయ్యి అది, నాకు వేరేలా అర్థం కాలేదు.

నేను యంత్రం ఆపాను. అది ఒక్కసారిగా ఆగదు. గుండ్రంగా తిరిగి తిరిగి మెల్లగా సద్దుమణిగింది. అప్పుడు, ఆ నిశ్శబ్దంలో, తుపాకి పట్టుకున్న కుర్రాడి గొంతు వినపడింది.

"పోలీస్... పోలీస్... పోలీస్..."

ఎంతసేపటి నుంచి అంటున్నాడో తెలీదు. ఎవరితోనూ కాదు, తనలో తను అనుకుంటున్నట్టే ఉంది.

వాళ్ళకు కావలసినవాడు మా పక్కన ప్రింటింగు ప్రెస్సు వెనక గదిలో అద్దెకున్నాడట. వీధిలోంచి చూస్తే ఏ ఇల్లు ఏదో పసిపిల్లలు కూడా చెబుతారు. సందులోంచి చూస్తే అన్ని వెనక తలుపులూ ఒకటే. వాళ్ళు ఒక తలుపు ముందుగా వచ్చేశారు. అంతే జరిగింది.

*

నాన్న పోయిన మర్నాడు పేపర్లో వేశారు: లాండ్రీ యజమాని దాడిలో పోలీసుకు తీవ్ర గాయం, ఆత్మరక్షణకు కాల్పులు. విధుల్లో ఉన్న పోలీసు మీద మారణాయుధంతో దాడి చేశాడని నాన్న మీదే కేసు రాశారు. చనిపోయిన మనిషి మీద కేసేమిటని అమ్మ అడిగితే, "అది పద్ధతి" అన్నారు. పనిగదికి సీలు వేశారు. పై అధికారుల ఉత్తర్వుతో విచారణ జరుగుతుందని చెప్పి వెళ్ళారు.

మా ఇల్లు మొట్టమొదటిసారి మెత్తగా మాట్లాడటం నేర్చుకుంది. గట్టిగా మాట్లాడవలసిన మనిషి లేడు.

చూడ్డానికి వచ్చినవాళ్ళు రెండు రకాలుగా మాట్లాడేవారు. "ఆయనే కాస్త ఆగి ఉంటే... మీవాడు చూడండి, బుద్ధిగా చేతులెత్తాడు, బతికిపోయాడు" అని కొందరు. "పెళ్ళాం మెడ పట్టుకుంటే చేతులెత్తి నిలబడ్డాడట, ముసలాయనకున్న పౌరుషం వీడికి లేకపోయె" అని ఇంకొందరు. మొదటివాళ్ళు హాల్లో అనేవారు, రెండోవాళ్ళు మెట్లు దిగుతూ అనేవారు. రెండూ అన్నయ్య చెవిన పడేవి.

అమ్మ అతనితో మాట్లాడటం మానేసింది. పోట్లాడలేదు, ఒక్క మాట అనలేదు. కంచం పెట్టేది, నీళ్ళు పెట్టేది, అతని వైపు చూసేది కాదు. ఏదైనా చెప్పాలంటే నాతోనో వదినతోనో చెప్పించేది. ఒకసారి వదిన ఉండబట్టలేక, "అత్తయ్యా, నా మెడ మీద చెయ్యేసినవాణ్ణి ఆయన కొట్టలేదని నాకే కోపం లేదు, మీకెందుకు?" అని ఖంగుమని అడిగింది. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో ఆ గొంతు. అమ్మ కూరగాయలు తరగడం ఆపి, ఆమె వైపు చూసి, మళ్ళీ తరగడం మొదలుపెట్టింది.

విచారణకు ముందు మా తరఫు లాయరు ఇంటికి వచ్చాడు. నాన్న ఈడువాడు, మా దగ్గరే నల్లకోటు ఉతికించుకునేవాడు. ఫీజు మాట ఎత్తనివ్వలేదు. కుర్చీ ముందుకు జరుపుకుని అన్నయ్యతో చెప్పాడు.

"చూడు బాబూ, మొత్తం ఒక్క ప్రశ్న మీద నిలబడి ఉంది. వచ్చినవాళ్ళు పోలీసులని మీకు తెలుసా, తెలీదా? తెలీదంటే మీ నాన్న తన ఇంటి కోడల్ని కాపాడుకున్నాడు, అది ఆయన హక్కు. తెలుసంటే పోలీసును కొట్టాడు, అది నేరం. వాళ్ళు ముందే అరిచి చెప్పామంటున్నారు. మీ ముగ్గురూ వినలేదని చెబితే చాలు."

"వినలేదు," అన్నయ్య అన్నాడు.

"అదే చెప్పు."

"వినలేదు. కానీ నాకు తెలుసు."

లాయరు కళ్ళద్దాలు తీశాడు. వదిన వంటగది గుమ్మంలో ఆగిపోయింది.

"వాళ్ళు లోపలికి రాగానే ముందున్నతని నడుముకు బేడీలు వేలాడుతూ కనపడ్డాయి. పొయ్యి దగ్గర వంగి ఉన్నాను కదా, నా కళ్ళు అదే ఎత్తులో ఉన్నాయి. పోలీసులనుకుని చేతులెత్తాను. 'నాన్నా, పోలీసులు, వదిలెయ్' అని అరిచాను. ఆయనకు వినపడలేదు."

"ఈ మాట ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదండీ."

"అయితే చెప్పకు," లాయరు మెల్లగా అన్నాడు. "అబద్ధం ఆడమనడం లేదు. అడగని దానికి జవాబు చెప్పకు. నీకు తెలిసిందంటే, మీ నాన్నకూ తెలిసే ఉంటుందని వాళ్ళు ఒక్క క్షణంలో తేల్చేస్తారు. బేడీలు నీకు కనపడ్డప్పుడు ఆయనకెందుకు కనపడవంటారు. నీ నోటితో నువ్వే ఆయన్ని నేరస్థుణ్ణి చేసినట్టవుతుంది."

అప్పుడు అమ్మ పక్కగదిలోంచి వచ్చింది. ఆ రోజుల్లో మొదటిసారి అన్నయ్య ముఖంలోకి చూసింది.

"తెలిసే చేతులెత్తావా?"

"తెలిసేనమ్మా."

"అరిచావా?"

"అరిచాను."

నేను అందుకున్నాను. "అరిచాడమ్మా. నేను చూశాను. వినపడలేదు కానీ చూశాను."

అమ్మ లాయరుగారికి టీ ఇచ్చి, లోపలికి వెళ్ళిపోయింది. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే, "వాణ్ణి ఏది చెప్పాలనుంటే అది చెప్పనివ్వండి" అంది.

*

విచారణ ఒక పాత ఆఫీసు భవనంలో జరిగింది. ఫ్యాను తిరుగుతున్నా చొక్కాలు వీపులకు అతుక్కుపోయే గది. విచారణ అధికారి ఒక నడివయసు ఆవిడ. ఎవరినీ గదమాయించలేదు, ఎవరి వైపూ మొగ్గినట్టు కనపడలేదు. బల్ల మీద నాన్న కర్ర పెట్టి ఉంది, దానికి దారంతో ఒక చీటీ కట్టారు. ఏళ్ళ తరబడి సబ్బునీళ్ళలో ఉడికి అది ఎముకలా తెల్లగా, నున్నగా ఉంటుంది. 'మారణాయుధం' అని చదివినప్పుడు అమ్మ మెడ సాచి చూసింది. ఇంకేదో వస్తువు గురించి చెబుతున్నారనుకుంది పాపం.

ముందు గాయపడిన పోలీసు చెప్పాడు. చెయ్యి ఇంకా కట్టులోనే ఉంది. తలుపు తన్నేముందు అరిచి చెప్పామన్నాడు. ఆమెను పక్కకు తప్పించడానికే పట్టుకున్నానన్నాడు. ఆ తర్వాత కాల్చిన కుర్రాడు నిలబడ్డాడు. అన్నయ్య కంటే చిన్నవాడు. అతని యూనిఫాం గంజి పెట్టి మడత నలగకుండా ఇస్త్రీ చేసి ఉంది. ఎవరో శ్రద్ధగా చేసిపంపారు.

"కర్ర మళ్ళీ లేచింది మేడమ్. మా సారు కింద పడి ఉన్నారు. తల మీద పడితే చచ్చిపోతారనుకున్నాను."

"నీకు ఎదుటి మనిషి ఎవరో తెలుసా?"

"మాకు చెప్పిన ముద్దాయే అనుకున్నాను మేడమ్."

"ముద్దాయి వయసెంతని చెప్పారు?"

కుర్రాడు బల్ల మీది కర్ర వైపు చూశాడు. ఆవిడ "కూర్చో" అంది.

నన్ను పిలిచారు. వాళ్ళు పోలీసులమని ముందే అరిచారా అని అడిగారు. వినపడలేదన్నాను. "అరవలేదా, మీకు వినపడలేదా?" అన్నారు. ఎంత ఆలోచించినా నాకు ఆ ఒక్క మాటే మిగిలింది. "వినపడలేదు" అన్నాను. అరవలేదని చెప్పాలని నా ప్రాణం కొట్టుకుంది. కానీ ఆ మోతలో తలుపు విరిగిన చప్పుడే నాకు వినపడలేదు కదా, నేనెలా చెప్పగలను?

అన్నయ్య వంతు వచ్చింది. అతని నడక అదే. నిదానంగా వెళ్ళి నిలబడ్డాడు. ఏం చూశావని అడిగారు. లాయరు బల్ల మీద వేళ్ళు ఆడించడం ఆపేశాడు. అన్నయ్య మొదటి నుంచీ చెప్పాడు. తలుపు, వదిన, బేడీలు, తన చేతులు, తన అరుపు. ఒక్కటీ దాచలేదు. గదిలో గుసగుసలు లేచాయి. అవతలి లాయరు చటుక్కున లేచాడు.

"అంటే, వచ్చినవాళ్ళు పోలీసులని ఆ గదిలో తెలిసిందన్నమాట."

"నాకు తెలిసిందండీ."

"నీ పక్కనే ఉన్న మీ నాన్నకు తెలీదంటావు?"

"తెలీదండీ."

"ఎలా చెప్పగలవు?"

అన్నయ్య ఆ ప్రశ్న అర్థం కానట్టు అతని వైపు చూశాడు.

"తెలిసుంటే కుర్చీలేసేవాడండీ," అన్నాడు. "మీటింగులో వాళ్ళ ఇన్‌స్పెక్టరు గారికి చప్పట్లు కొట్టిన మనిషి."

ఆ మాటకు గదిలో ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. కాల్చిన కుర్రాడు తల వంచుకున్నాడు. చివరిదాకా మళ్ళీ ఎత్తలేదు.

*

తొలి వాన పడి నేల చల్లబడ్డాక తీర్పు వచ్చింది. అందరం వెళ్ళాం. ఆవిడ మెల్లగా చదివింది. తలుపు విరగ్గొట్టి వచ్చి కోడలిని పట్టుకున్న మనుషులను దొంగలనుకోవడానికి మా నాన్నకు బలమైన కారణాలున్నాయని, ఆయన కొట్టిన దెబ్బ ఆత్మరక్షణేనని, ఆయన మీద కేసు కొట్టేయాలని రాసింది. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆవిడ అంతటితో ఆపలేదు. తోటి ఉద్యోగి ప్రాణం పోతుందని ఆ కుర్రాడు భయపడటానికి కూడా బలమైన కారణాలున్నాయని, అతను కాల్చడం కూడా రక్షణ కోసమేనని చదివింది. పొరపాటున వేరే ఇంటి తలుపు విరగ్గొట్టడానికి కారణమైనవాళ్ళ మీద శాఖాపరంగా చర్య తీసుకోవాలని సిఫారసు చేసింది. అయిపోయింది.

వరండాలోకి వచ్చాక అమ్మ లాయరుగారిని అడిగింది. "అంటే ఆయన చేసింది తప్పు కాదు."

"కాదమ్మా."

"ఆ అబ్బాయి చేసిందీ తప్పు కాదు."

"చట్టం ప్రకారం..."

"మరి మా ఆయన ఎందుకు పోయారు?"

లాయరు గొడుగు తెరిచి అమ్మకు పట్టాడు. "మీవాడు బేడీల మాట దాచి ఉంటే ఆవిడ మిగతాదీ నమ్మేది కాదేమోనమ్మా" అని మాత్రం అన్నాడు.

సాయంత్రం పనిగది సీలు తీశారు. అన్నయ్య ఒక్కడే వెళ్ళి లోపల కూర్చున్నాడు. ఎంతకీ రాకపోతే అమ్మ కిందికి దిగింది. నేనూ వదినా మెట్ల మీద ఆగిపోయాం. బానలో నీళ్ళు ఇంకిపోయి అడుగున తెల్లటి పొర కట్టి ఉంది. సందు తలుపు చోట ఎవరో రేకు కొట్టారు. అన్నయ్య బల్ల మీద కూర్చుని ఉన్నాడు.

"అమ్మా, నా మీద కోపం పోలేదు కదూ?"

అమ్మ అతని పక్కన కూర్చుంది.

"నీ మీద కాదురా. వచ్చిన ప్రతివాళ్ళూ నీలాగే చేతులెత్తి ఉంటే బతికేవాడని అంటుంటే, మీ నాన్న ఏదో తెలివితక్కువ వాడై పోయినట్టయింది నా ప్రాణానికి. నిన్ను చూసినప్పుడల్లా ఆ మాటే గుర్తొచ్చేది. నిన్ను చూడలేకపోయాను."

"నేను కూడా కర్ర అందుకుని ఉంటే?"

"ఇద్దరి కోసం ఏడ్చేదాన్ని," అంది అమ్మ. "ఆ ఏడుపు నా వల్ల అయ్యేది కాదు."

వాన మళ్ళీ మొదలై రేకు మీద టపటపా పడింది. అమ్మ చెయ్యి చాపి అతని చొక్కా కాలరు పట్టుకుని చూసింది. నలిగి, ఒక పక్కకు ముడుచుకుపోయి ఉంది.

"అంతమంది ముందుకు ఈ చొక్కాతో వచ్చావా?"

"చూసుకోలేదమ్మా."

"లాండ్రీ ఇంటివాడివి! విప్పు."

అతను విప్పి ఇచ్చాడు. అమ్మ ఇస్త్రీ పెట్టె మీది దుమ్ము కొంగుతో తుడిచి, వేడెక్కేదాకా పక్కనే నిలబడింది. ఆ తర్వాత ఏదో చెప్పాలనిపించి, అలవాటు కొద్దీ, ఇల్లంతా వినపడేట్టు అరిచింది.

"మీరిద్దరూ ఆ మెట్ల మీద ఏం చేస్తున్నారే? వచ్చి ఈ చొక్కా మీద నీళ్ళు చల్లండి!"

వదిన కళ్ళు తుడుచుకుని, అంతకంటే గట్టిగా, "వస్తున్నామత్తయ్యా!" అంది.